వాట్సాప్ నుంచి టెలిగ్రామ్‌కి మెసేజ్ ఎందుకు పోదు?

ప్రశ్న: జీమెయిల్ నుంచి యాహూకి మెయిల్ కొడితే చక్కగా వెళ్తుంది కదా, మరి వాట్సాప్ నుంచి టెలిగ్రామ్‌లో ఉన్న ఫ్రెండ్‌కి మెసేజ్ ఎందుకు పెట్టలేం? ఫోన్‌లో నాలుగు చాట్ యాప్‌లు మోయాల్సొస్తోంది. టెక్నికల్‌గా కుదరదా?

జవాబు: కుదరకేమండీ, ఒకప్పుడు కుదిరింది కూడా. మెయిల్ సంగతే చూడండి, 1982లో జాన్ పోస్టెల్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త, మెయిల్ ఒక సర్వర్ నుంచి ఇంకో సర్వర్‌కి ఎలా వెళ్లాలో చెప్పే ఎస్‌ఎమ్‌టీపీ రూల్స్ రాసి అందరి ముందూ పెట్టేశాడు, అవి ఏ కంపెనీ సొత్తూ కాదు కాబట్టి ఎవరు సర్వర్ పెట్టుకున్నా మిగతావాళ్లతో మాట్లాడుతుంది. చాట్‌కీ అలాంటిదే ఉంది, ఎక్స్‌ఎమ్‌పీపీ అంటారు, 1999లో జాబర్ పేరుతో మొదలై 2004కల్లా ఇంటర్నెట్ రూల్స్ ఖరారు చేసే ఐఈటీఎఫ్ అనే సంస్థ స్టాండర్డ్‌ల్లోకి ఎక్కింది. 2005లో గూగుల్ టాక్ వచ్చింది దీని మీదే, మరుసటేడు బయటి సర్వర్లకీ తలుపు తీశారు, గూగుల్ అకౌంట్ లేనివాళ్లతో కూడా హాయిగా చాట్ చేసుకునేవాళ్లం. 2013లో హ్యాంగౌట్స్ దింపారు, దాంట్లో ఆ తలుపు లేదు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య! ఇంకో తమాషా, వాట్సాప్ కూడా మొదట్లో ఎక్స్‌ఎమ్‌పీపీనే కాస్త మార్చి వాడుకుంది, కాకపోతే బయటివాళ్లకి దారే పెట్టలేదు.

కొత్తగా వచ్చిన కంపెనీకి జనం కావాలి కాబట్టి స్టాండర్డ్ ముద్దొస్తుంది, జనమంతా తన దగ్గరే చేరాక అదే స్టాండర్డ్ వల్ల వాళ్లు బయటికి పోతారేమోనని భయం, అంతే.

యూరప్‌లో మాత్రం డిజిటల్ మార్కెట్స్ యాక్ట్ అని చట్టం చేశారు, 2024 మార్చి నుంచి పెద్ద కంపెనీలు పాటించి తీరాలి, వేరే యాప్ వాళ్లు అడిగితే వాట్సాప్ కనెక్షన్ ఇవ్వాల్సిందే. ఎన్‌క్రిప్షన్, అంటే మెసేజ్ మధ్యలో ఎవరూ చదవకుండా వేసే తాళం, చెడకుండా రెండు యాప్‌లని కలపడం కష్టమని కంపెనీలు అంటాయి, అది పూర్తిగా సాకేం కాదు, నిజంగానే కష్టం, కానీ చట్టం వచ్చేదాకా ఆ కష్టం ఎవరూ పడలేదని గమనించండి.

అలాగని మెయిల్‌కున్న స్వేచ్ఛ భద్రంగా ఉందనుకోకండి, సొంత సర్వర్ పెట్టి పంపి చూడండి, సగం స్పామ్‌లో పడతాయి, నేను పడ్డాను ఆ తిప్పలు. సర్వర్ జోలికి పోకపోయినా సొంత డొమైన్ (మెయిల్ అడ్రస్‌లో @ తర్వాత వచ్చే పేరు) ఒకటి కొనుక్కుని దాని మీద మెయిల్ పెట్టుకోండి, రేపు కంపెనీ మార్చినా అడ్రస్ మీదే ఉంటుంది. చాట్ నంబర్‌కి ఆ సుఖం ఇంకా రాలేదు.