ల్యాప్‌టాప్ ఖరీదు 42 వేలు, అందులో ఉన్న బాకీలు 11 లక్షలు

ప్రశ్న: నమస్కారం మేడమ్. కర్నూలు పాత బస్టాండు దగ్గర మాకు ఎరువులు, విత్తనాలు, పురుగుమందుల అంగడి ఉంది. ఏడాదికి 70 లక్షల దాకా వ్యాపారం జరుగుతుంది. చుట్టుపక్కల పల్లెల్లో 180 మంది రైతులకు అప్పు మీద సరుకు ఇస్తాం. ప్రస్తుతం 11 లక్షల 40 వేలు రావాలి. లెక్కంతా 42 వేలు పెట్టి కొన్న ల్యాప్‌టాప్‌లో, లెక్కలు రాసే ట్యాలీ సాఫ్ట్‌వేర్‌లోనే ఉంది. పోయిన నెల మా వరుసలోనే ఒక అంగడి షట్టర్ పగలగొట్టి ల్యాప్‌టాప్ ఎత్తుకుపోయారు. బ్యాకప్ పెన్‌డ్రైవ్ కూడా అదే బ్యాగులో ఉందట. అప్పటి నుంచి నాకు ఒకటే టెన్షన్. 68 వేలు ఇస్తే సొంత సర్వర్ లాంటి పెట్టె బిగిస్తామని కంప్యూటర్లు అమ్మేవాళ్లు అంటున్నారు. అవసరానికని దాచుకున్న లక్షన్నరలోంచి తీయమంటారా?

జవాబు: తీయొద్దండీ. ఆ లక్షన్నర అలాగే ఉండనివ్వండి. మీ పని 3 వేల లోపే అవుతుంది. దాంతోపాటు రోజూ పది నిమిషాలు కేటాయించాలి, అది మాత్రం తప్పదు.

ముందు మీరు దేనికి భయపడాలో చూద్దాం. ల్యాప్‌టాప్ పోతే ఇంకోటి కొనుక్కుంటారు. యూరియా, డీఏపీ ఎవరికి అమ్మారో ఎరువుల అమ్మకాలు నమోదు చేసే పీవోఎస్ మెషిన్‌లో ఎక్కుతుంది, కానీ బాకీ అందులో ఎక్కదు. జీఎస్టీ రిటర్నులు వేస్తున్నాం కదా, అక్కడ దొరుకుతాయిలే అనుకోవద్దు. జీఎస్టీ నంబరు లేని రైతులకు అమ్మిన చిన్న బిల్లులన్నీ అక్కడ కలిపి మొత్తంగానే ఉంటాయి, పేర్లు ఉండవు. కోడుమూరు వైపు రైతు ఒకాయన ఖరీఫ్‌లో పత్తి విత్తనాలు, మందులు కలిపి 14,600 సరుకు తీసుకున్నాడు, ఉల్లి అమ్మాక 5 వేలు కట్టాడు, ఇంకా 9,600 ఇవ్వాలి అనుకోండి. ఆ సంగతి మీ ల్యాప్‌టాప్‌లో తప్ప ఇంకెక్కడా రాసి లేదు.

లెక్క పోతే రైతులు మోసం చేస్తారని నేను అనను. సంక్రాంతి ముందు ఆయన వచ్చి, "అన్నా, నేను ఎనిమిది వేలే కదా ఇయ్యాల్సింది" అంటాడు. ఆయనకు నిజంగానే అంతే గుర్తుంటుంది. మీ దగ్గరేమో చూపించడానికి కాగితం ముక్క లేదు. గట్టిగా అడిగితే ఖాతాదారుడు పోతాడు, ఊరుకుంటే డబ్బు పోతుంది. బాకీల్లో పదో వంతు ఇలా జారిపోయినా లక్షా 14 వేలు.

ఇది నేను మా ఇంట్లోనే చూశాను. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కర్నూలు మీద పడ్డప్పుడు మా మేనమామ బట్టల అంగడి మునిగిపోయింది. నీళ్లు తీశాక పద్దు పుస్తకాలు డాబా మీద ఆరేశాం. అంటుకుపోయిన కాగితాలను అత్తయ్య కత్తి మొనతో ఒక్కొక్కటే విడదీసేది. బాల్‌పెన్నుతో రాసిన పేజీలు బురద మరకల కింద కూడా చదవడానికి వచ్చాయి. సిరా పెన్నుతో రాసినవి నీలంగా అలుక్కుపోయాయి. మామయ్య ఎక్కువగా సిరా పెన్నే వాడేవాడు. పాడైన బట్టల నష్టం రెండేళ్లలో పూడింది. ఎవరెంత ఇవ్వాలో మాత్రం చివరిదాకా తేలలేదు.

అందుకే ఆ 68 వేల పెట్టె వద్దంటున్నాను. అది చెడ్డ వస్తువేమీ కాదు, పదిమంది పనిచేసే ఆఫీసుకు బాగా పనికొస్తుంది. మీ అంగడిలో అయితే అది ల్యాప్‌టాప్ పక్కనే ఉంటుంది. షట్టర్ పగలగొట్టినవాడు రెండూ పట్టుకుపోతాడు, నీళ్లొస్తే రెండూ మునుగుతాయి. అయినా మీ ట్యాలీ డేటా ఎంతుంటుంది? మీలాంటి అంగడికి కొన్నేళ్ల లెక్క కలిపినా మామూలుగా ఒక పెళ్లి వీడియో అంత కూడా ఉండదు.

మంచి కంపెనీవి 64 జీబీ పెన్‌డ్రైవ్‌లు రెండు కొనండి. రెండూ కలిపి 1,500 అటూ ఇటూ అవుతాయి. ఒకదానికి ఎర్ర దారం, ఇంకోదానికి పచ్చ దారం కట్టండి. సాయంత్రం గల్లా సరిచూసుకున్నాక ట్యాలీప్రైమ్‌లో ఆల్ట్, వై కలిపి నొక్కితే బ్యాకప్ అని కనిపిస్తుంది. పెన్‌డ్రైవ్‌లో ఆ రోజు తేదీతో కొత్త ఫోల్డర్ పెట్టి అందులోకి దించండి. రోజూ పాతదాని మీదే దించితే, నిన్న ఎవరైనా చెరిపేసిన ఖాతా ఇవాళ్టి బ్యాకప్‌లోనూ ఉండదు. పని కాగానే పెన్‌డ్రైవ్ తీసి జేబులో వేసుకుని ఇంటికి వెళ్లండి. అది బీరువాలో పెట్టి, మరునాడు రెండోది తెచ్చుకోండి. ఏ రాత్రీ పెన్‌డ్రైవ్ అంగడిలో ఉండకూడదు. పగలు కూడా ల్యాప్‌టాప్‌కు గుచ్చి వదిలేయొద్దు. ఫైళ్లకు తాళం వేసి డబ్బులడిగే వైరస్ వస్తే గుచ్చి ఉన్న పెన్‌డ్రైవ్‌ను కూడా వదలదు. 2017 మే నెలలో వానాక్రై అనే అలాంటి వైరస్ వచ్చినప్పుడు మన రాష్ట్ర పోలీసుల కంప్యూటర్లే కొన్ని దాని బారిన పడ్డాయి.

మూడో కాపీ ఇంటర్నెట్‌లో పెట్టండి. గూగుల్ ఖాతాకు 15 జీబీ ఉచితంగా ఇస్తారు. మీ సొంత ఖాతా ఇప్పటికే ఫొటోలతో నిండిపోయి ఉంటుంది కాబట్టి అంగడి కోసం వేరే ఖాతా తెరిచి, ఫోన్‌కు కోడ్ వచ్చే రెండంచెల భద్రత పెట్టుకోండి. శనివారం శనివారం ఆ రోజు ఫోల్డర్‌ను ఆ ఖాతాలోని గూగుల్ డ్రైవ్‌లోకి ఎక్కించి లాగౌట్ అవ్వండి. డబ్బు కట్టే ప్లాను మీకిప్పుడు అవసరం లేదు.

అన్నిటికంటే ముఖ్యమైన సంగతి. నా దగ్గరికి వచ్చే హార్డ్‌వేర్ అంగడాయన ఏడాదిన్నర పాటు రోజూ శ్రద్ధగా బ్యాకప్ తీశారు. ఒకరోజు తెరిచి చూడమన్నాను. పెన్‌డ్రైవ్ ఖాళీ! బ్యాకప్ అంతా ల్యాప్‌టాప్‌లోని డీ డ్రైవ్‌లోకే పోతోంది. కాబట్టి నెలకోసారి రిస్టోర్ చేసి, అంటే బ్యాకప్‌లోంచి లెక్కను మళ్లీ ట్యాలీలోకి తెచ్చి చూడండి. అసలు డేటా ఉన్న ఫోల్డర్‌లోకి మాత్రం చేయొద్దు, ఇవాళ్టి లెక్క మీద పాతది వచ్చి పడుతుంది. వేరే ఖాళీ ఫోల్డర్‌లోకి చేసి, ముగ్గురు రైతుల బాకీలు తెరిచి, సరిపోయాయో లేదో చూసుకోండి.

ఇక దొంగ చేతికి లెక్క దొరికితే ఎలా? రైతుల ఫోన్ నంబర్లు, మీ కొనుగోలు రేట్లు అన్నీ అందులో ఉంటాయి. ట్యాలీలోనే ట్యాలీవాల్ట్ అనే తాళం ఉంటుంది, దానికి పాస్‌వర్డ్ పెడితే అది తెలియనివాళ్లు తెరవలేరు. మీరు మరిచిపోయినా అంతే, ఎవరూ తెరిచి ఇవ్వలేరు. అందుకే ముందు ఒక బ్యాకప్ తీసి, మీ అకౌంటెంట్‌ను పక్కన కూర్చోబెట్టుకుని పెట్టించుకోండి. పాస్‌వర్డ్ కాగితం మీద రాసి ఇంట్లో బంగారం దాచే చోట పెట్టండి. ఆన్‌లైన్‌లో మీ సంతకంగా పనిచేసే, పెన్‌డ్రైవ్‌లా ఉండే డిజిటల్ సంతకం టోకెన్ ఉంటే దాన్ని ల్యాప్‌టాప్ బ్యాగులో ఉంచొద్దు.

ఇదంతా మన సౌకర్యం కోసమే అనుకోకండి. జీఎస్టీ చట్టం ప్రకారం లెక్కలను ఆ ఏడాది వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు భద్రపరచాలి. కంప్యూటర్‌లో రాసుకునేవాళ్లు బ్యాకప్ ఉంచుకోవాలని నిబంధనల్లోనే ఉంది.

కంప్యూటర్‌తో సంబంధం లేని పని ఒకటి చెబుతాను, ఖర్చు కాగితాలదే. పంట డబ్బులు వచ్చే రోజుల్లో రైతు అంగడికి వచ్చినప్పుడు ఆయన ఖాతా ప్రింట్ తీసి, "ఇంత బాకీ ఉన్నాను" అని తేదీ వేసి సంతకం చేయించుకోండి. ఆయనకూ ఒక కాపీ ఇవ్వండి. అప్పు మీద ఇచ్చిన సరుకు డబ్బుకు కోర్టుకు వెళ్లాలంటే మామూలుగా మూడేళ్లే గడువు. ఆ గడువు లోపల రాతపూర్వకంగా ఒప్పుకుంటే సంతకం చేసిన తేదీ నుంచి గడువు మళ్లీ మొదలవుతుంది. 1963 నాటి కాలపరిమితి చట్టం ఇచ్చిన వెసులుబాటు ఇది. మీరు కోర్టు దాకా వెళ్తారని చెప్పడం లేదు, సంతకం ఉంటే వాదన అంగడిలోనే తీరిపోతుంది.

బీమా సంగతి. చిన్న వ్యాపారాలకు భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష అనే పాలసీ ఉంది. అగ్నిప్రమాదం, వరద లాంటివి అందులో వస్తాయి. షట్టర్ పగలగొట్టి చేసే దొంగతనానికి బర్గ్లరీ కవర్ విడిగా తీసుకోవాలి. వరద చూసిన ఊళ్లో అంగడి పెట్టుకున్నారు కాబట్టి రెండూ తీసుకోమంటాను. బీమా వస్తువుకు వర్తిస్తుంది గానీ, మామూలుగా అందులోని లెక్కకు వర్తించదు.

మీ వరుసలో ల్యాప్‌టాప్ పోగొట్టుకున్న ఆయనకు ఒక మాట చెప్పండి. రిటర్నుల కోసం ఆడిటర్‌కు ఇచ్చిన ట్యాలీ డేటా అక్కడ ఇంకా ఉండొచ్చు, వెంటనే అడగమనండి. మార్చి నాటి కాపీ దొరికినా సగం బాకీలు బయటపడతాయి. ఆ తర్వాతి బిల్లులు వాట్సాప్‌లో రైతులకు పంపి ఉంటే అవి ఫోన్‌లోనే ఉంటాయి, చెరపకుండా ఒక్కొక్కటే రాసుకోమనండి. దొంగలు ఎత్తుకుపోయిన ల్యాప్‌టాప్‌లో తెరిచి ఉన్న ఈమెయిల్, బ్యాంకు పాస్‌వర్డ్‌లు ఇంకా మార్చకపోతే అది ఇవాళే చేయమనండి.