పెనుకొండ నుంచే తెచ్చుకుంటే కారు రేటు తగ్గుతుందా? – సమాధానం

కావలి నుంచి అడిగిన అన్నా, కియా కార్ల ఫ్యాక్టరీ మన రాష్ట్రంలోనే పెనుకొండలో ఉంది కదా, నేరుగా అక్కడే కొంటే రవాణా ఖర్చు మిగలదా అన్నారు. మిగలదు. పెనుకొండలో 2019 నుంచి కార్లు తయారవుతున్నాయి గానీ గేటు దగ్గర అమ్మకం ఉండదు. కంపెనీ డీలరుకి బిల్లు వేస్తుంది, డీలరు మీకు వేస్తాడు. రవాణా ఎక్స్‌షోరూమ్ ధరలోనే (రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ కలపకముందు ధర) కలిసిపోయి ఉంటుంది.

పోనీ చెన్నైలో కొన్నా, మీ అడ్రసు ఇక్కడిదే కాబట్టి టెంపరరీ రిజిస్ట్రేషన్ మీద తోలుకొచ్చి ఏపీలోనే లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ఆ తిరుగుడు దండగ.

బేరమాడాల్సింది కొటేషన్ కింది వరసల్లో. ఇన్సూరెన్స్ బయట తీసుకోవచ్చు. యాక్సెసరీల ప్యాకేజీ తప్పనిసరేం కాదు. ‘హ్యాండ్లింగ్ ఛార్జీలు’ అని కనిపిస్తే కొట్టేయమనండి, మొహమాటం వద్దు.

మిగతా డబ్బు కట్టకముందే యార్డుకి వెళ్లి ఛాసిస్ నంబరు ఫోటో తీసుకోండి. 17 అక్షరాల్లో పదోది మామూలుగా సంవత్సరం: ఆర్ అంటే 2024, ఎస్ 2025, టి 2026. తయారైన నెల ఫారం 21లో (డీలరు ఇచ్చే అమ్మకం సర్టిఫికెట్) రాస్తారు, రిజిస్ట్రేషన్‌కి పోయేముందు సరిచూసుకోండి. మీ డెలివరీ జనవరిలో అంటున్నారు కాబట్టి ఇదే అసలు సంగతి. డిసెంబరులో తయారైన బండి అంటగడితే రేపు అమ్మేటప్పుడు ఏడాది పాతదానికిందే లెక్కేస్తారు. ఆ తేడా ఇప్పుడే డిస్కౌంటుగా అడగండి.