కొత్త కోడల్ని అడిగిన ప్రశ్నలు: ఆసక్తా, వివక్షా?

ప్రశ్న: మాది కావలి. మా అబ్బాయి బెంగళూరులో ఉద్యోగం చేస్తూ మణిపూర్‌లోని ఇంఫాల్ అమ్మాయిని పెళ్లి చేసుకున్నాడు. సంతోషంగానే ఒప్పుకున్నాం. సంక్రాంతికి వచ్చినప్పుడు చుట్టాల ముందు నేనే అడిగాను: మీ వైపు కుక్కల్ని తింటారంట, నిజమా? మీరంతా చైనావాళ్లలా ఉంటారెందుకు? రేపు పిల్లలు పుడితే ఎవరి పోలిక వస్తుందో? కోడలు నవ్వుతూనే ఉంది. వెళ్లాక మావాడు ఫోన్ చేసి "ఇది జాతి వివక్ష అమ్మా" అని అరిచాడు. తెలుసుకుందామని అడగడం కూడా తప్పేనా?

జవాబు: తెలుసుకుందామని అడగడం తప్పు కాదమ్మా. కానీ మీరు రాసిన మూడు ప్రశ్నల్లో తెలుసుకునేదేమీ లేదు. కుక్కల సంగతికి జవాబు మీ దగ్గర ముందే ఉంది. ఆ అమ్మాయి ఇక ఔనని తలొంచుకోవాలి, లేదా కాదని రుజువు చేసుకోవాలి, అదీ పండగ పూట నలుగురి మధ్య. మూడో ప్రశ్న అన్నిటికన్నా బరువైనది. తన పోలిక వస్తే మీకు లోటు అన్నట్టు వినిపిస్తుంది.

ఇలాంటి చిన్న చిన్న పోట్ల గురించి అమెరికాలో సైకియాట్రిస్ట్ చెస్టర్ పియర్స్ 1970లోనే రాశారు. 2007లో సైకాలజిస్ట్ డెరాల్డ్ వింగ్ సూ బృందం వాటిని రకాలుగా విడదీసింది. అక్కడే పుట్టి పెరిగినవాళ్లని "ఇంతకీ మీది ఏ దేశం?" అనడం అందులో ఒకటి. మీ చైనా ప్రశ్న అదే. 2014 జనవరిలో అరుణాచల్ కుర్రాడు నిడో తానియా ఢిల్లీలో తన జుట్టు మీద ఎగతాళితో మొదలైన గొడవలో దెబ్బలు తిని చనిపోయాడు. ఈశాన్యం పిల్లలకు ఈ మాటలు ఎందుకంత తగులుతాయో ఇప్పుడు చూడండి. మీరు అడిగింది ఒక్కసారే కావచ్చు. బెంగళూరులో ఆమె ఎన్నిసార్లు విని ఉంటుందో!

అంత దూరం ఎందుకు, మన నెల్లూరు జిల్లాలోనే చదువుకున్న యానాది పిల్లల్ని "మీరు ఎలుకలు తింటారా?" అని నవ్వుతూ అడిగేవాళ్లు ఉన్నారు. అడిగినవాళ్లకు అది సరదా.

మీ అబ్బాయి మాట మీ మనసు మీద కాదు, ఆ ప్రశ్నల మీద. అయినా అతని తప్పూ ఉంది. పక్కనే ఉండి అడ్డుకోకుండా, తర్వాత ఫోన్లో అరిస్తే ఏం లాభం?

ఈ వారంలోనే ఫోన్ చెయ్యండి, కోడలికే. "ఆ రోజు అందరి ముందూ అలా అడగకూడదు, తప్పు నాదే" అని చెప్పి ఆపెయ్యండి. ఆమెకు తెలుగు రాకపోతే ఆ మాట హిందీలోనో ఇంగ్లీషులోనో నేర్చుకుని మీ నోటితోనే చెప్పండి. "నా ఉద్దేశం అది కాదు" అని మొదలుపెట్టారా, చివరికి ఆ అమ్మాయే మిమ్మల్ని ఓదార్చాల్సి వస్తుంది.

మళ్లీ వచ్చినప్పుడు "మీవాళ్లు ఏం తింటారు" అనొద్దు, "నీకేం ఇష్టం" అనండి. వంటింట్లో ఇద్దరే ఉన్నప్పుడు ముందు మీ సంగతి చెప్పి, తర్వాత అడగండి: "మేం చేపల పులుసులో మామిడికాయ వేస్తాం, మీ అమ్మ చేపలు ఎట్టా వండుద్ది?" మణిపూర్‌లో చేప రోజువారీ తిండే. పులియబెట్టిన చేపను ఙారి అంటారు. ఉడికించిన కూరగాయలు, మిరపకాయలతో కలిపి దాన్ని మెదిపితే ఎరోంబా. ఆ వాసనకు మొహం చిట్లించే ముందు మనింట్లో ఎండుచేపలు వేయించిన రోజు తలుచుకోండి. కారంలో మాత్రం పందెం కట్టొద్దు, వాళ్ల ఉమోరోక్ మిరప ముందు మన గుంటూరు మిరప చాలదు.

2023 మేలో మణిపూర్‌లో మైతేయి, కుకీ వర్గాల మధ్య మొదలైన గొడవల గురించి "మీ ఇంట్లోవాళ్లు క్షేమమేనా?" వరకే అడగండి. "నువ్వు మైతేయివా, కుకీవా?" అనేది ఇక్కడ కొత్తవాళ్లని కులం అడిగినట్టే.

చుట్టాలకు ముందే ఫోన్ చేసి చెప్పి ఉంచండి. అయినా ఎవరైనా మొదలుపెడితే "అవన్నీ తర్వాత వదినా, ముందు కాఫీ తాగు" అని మీరే మాట తిప్పాలి. కొడుకు తిప్పితే గొడవగా కనిపిస్తుంది, మీరు తిప్పితే మర్యాదగా సరిపోతుంది. ఏ ప్రశ్నకైనా కోడలు పొడిగా జవాబిస్తే రెండోసారి అడగొద్దు. ఒక్క ఫోన్‌తో కలివిడి వచ్చేస్తుందని ఆశపడకండి, రెండు మూడు పండగలు పట్టొచ్చు.