105 సెట్‌తో గ్రావెల్ బైక్: రెండు రింగులా, ఒక్కటా?

మీ ప్రశ్న క్లుప్తంగా: మీ బరువు 78 కిలోలు, బైకు 11, సంచులు 6. ఇంట్లో షిమానో 105 ఆర్7000 (రోడ్ బైకు గేర్ల) సెట్ ఉంది: 50-34 క్రాంక్ (పెడళ్ల దగ్గరి రెండు రింగులు, 50 పళ్లది, 34 పళ్లది), 11-32 క్యాసెట్ (వెనక పళ్లచక్రాల గుత్తి, చిన్నదానికి 11 పళ్లు, పెద్దదానికి 32), హైడ్రాలిక్ లివర్లు (బ్రేకు, గేరు మీటలు), పొడుగు కేజ్ వెనక డెరైలర్ (చైన్‌ని ఒక చక్రం నుంచి ఇంకోదానికి జరిపేది). విశాఖ నుంచి అరకు, లంబసింగి వైపు మట్టిదారులు తొక్కాలి. ఉన్నదే బిగించుకోవాలా, 1×కి (ముందు ఒక్కటే రింగు) మారాలా?

లివర్లు, వెనక డెరైలర్ ఉంచుకోండి. క్రాంక్, ముందు డెరైలర్, క్యాసెట్, చైన్ మార్చండి. క్రాంక్ 46-30, క్యాసెట్ 11-34. ఇదే నా సలహా.

గేర్లు ఎంచుకునేటప్పుడు అందరూ ముందు పైగేరు చూస్తారు. చూడాల్సింది కిందిగేరు. 700×40 టైరు ఒక చుట్టు తిరిగితే బైకు సుమారు 2.2 మీటర్లు కదులుతుంది. ముందు పళ్లను వెనక పళ్లతో భాగించి 2.2తో గుణిస్తే, పెడల్ ఒక చుట్టుకి ఎన్ని మీటర్లు పోతామో వస్తుంది. నిమిషానికి 60 చుట్లు తిప్పితే అదే అంకె సెకనుకి మీటర్ల వేగం కూడా, కాబట్టి లెక్క నోటితోనే అయిపోతుంది.

మొత్తం 95 కిలోలు 10 శాతం ఎత్తు ఎక్కాలంటే వాలు ఒక్కటే దాదాపు 93 న్యూటన్లతో వెనక్కి లాగుతుంది. వదులు మట్టి ఇంకో 9 కలుపుతుంది. అంటే సుమారు 102. ఇప్పుడున్న 34-32తో చుట్టుకి 2.34 మీటర్లు, అంటే 60 చుట్లకి దాదాపు 240 వాట్లు పెట్టాలి. 40-42తో (1× అయితే) 2.1 మీటర్లు, 215 వాట్లు. 30-34తో 1.94 మీటర్లు, 200 వాట్లు. అరగంట సేపు 240 పెట్టగలిగేవాళ్లు ఈ ప్రశ్న అడగరు. పెట్టలేనప్పుడు చుట్లు 45కి పడిపోతాయి, భారం మోకాళ్ల మీద పడుతుంది, ప్రతి తొక్కుకీ వెనక చక్రం మట్టిలో జారుతుంది. తారు ఘాట్‌రోడ్డు మీద ఎలాగో నెట్టుకురావచ్చు. ఊళ్లలోకి తిరిగే మట్టిదారుల్లో, గతుకుల సిమెంటు రోడ్ల మీద వచ్చే చిన్న చిన్న నిటారు ముక్కలే అసలు పరీక్ష.

పైగేరులో పోగొట్టుకునేది చాలా తక్కువ. 46-11తో 90 చుట్లు తిప్పితే ఇంకా గంటకి 50 కి.మీ. వస్తుంది. మట్టిలో ఆ వేగం దగ్గర చేతులు బ్రేకుల మీదే ఉంటాయి.

1× వద్దని ఎందుకంటున్నానో చెప్తాను. 11 గేర్ల 11-34, 11-42 క్యాసెట్లలో చిన్న ఆరు పళ్లచక్రాలూ ఒకటే: 11, 13, 15, 17, 19, 21. తేడా ఆ తర్వాతే. ఒకటి 23, 25, 27, 30, 34 అని మెల్లగా ఎక్కుతుంది. రెండోది 24, 28, 32, 37, 42 అని ఒక్కో అడుగుకి 14 నుంచి 17 శాతం దూకుతుంది. చదునులో ఈ తేడా పెద్దగా తెలియదు. ఎత్తు ఎక్కేటప్పుడే ఒక గేరు బరువనిపిస్తుంది, పక్కది మరీ తేలికనిపిస్తుంది, మధ్యలో ఏమీ ఉండదు. పైగా దానికి జీఆర్‌ఎక్స్ (షిమానో గ్రావెల్ శ్రేణి) ఆర్‌ఎక్స్812 డెరైలర్ కొనాలి, ఎడమ లివర్‌కి పని ఉండదు. అయితే నల్లరేగడి నేలల్లో, వానాకాలం తొక్కేవాళ్లకి నేనే 1× చెప్తాను. ఆ బురద ముందు డెరైలర్ కేజ్‌లో కూరుకుపోతే పుల్లతో గీకాల్సిందే.

ఇక బిగింపు. 105 క్రాంక్‌కి చిన్న రింగు మార్చుకుంటే చాలదా అని చాలామంది అడుగుతారు. చాలదు. దాని బోల్టుల వలయం 110 మి.మీ., అందులో 30 పళ్ల రింగు పట్టదు. జీఆర్‌ఎక్స్ ఆర్‌ఎక్స్600, 11 గేర్ల 46-30 క్రాంక్ తీసుకోండి. ఇరుసు అదే 24 మి.మీ., కాబట్టి 105కి సరిపడే బాటమ్ బ్రాకెట్టే (ఇరుసు తిరిగే బేరింగులు) దీనికీ పనికొస్తుంది. కానీ జీఆర్‌ఎక్స్ రింగులు రోడ్ క్రాంక్ కన్నా 2.5 మి.మీ. బయటికి ఉంటాయి. 105 ముందు డెరైలర్ అంత దూరం సరిగా అందుకోదు. ఆర్‌ఎక్స్810 ముందు డెరైలర్ కావాలి, మీ ఎడమ లివర్‌తోనే అది నడుస్తుంది. కొనేముందు ఫ్రేమ్ చూడండి: 50 పళ్ల రింగు కన్నా 46 రింగు అంచు 8 మి.మీ. కిందికి వస్తుంది. డెరైలర్ బిగించే గాడి అంత కిందికి దిగకపోతే కేజ్‌కీ రింగుకీ మధ్య ఉండాల్సిన 1-3 మి.మీ. సందు కుదరదు, చైన్ పెద్ద రింగు ఎక్కడానికి మొరాయిస్తుంది.

మీ వెనక డెరైలర్ 34 పళ్ల దాకా మోస్తుంది, మొత్తం సామర్థ్యం (ముందు, వెనక పళ్ల తేడాలు కలిపి సర్దుకోగలిగేది) 39. మీకు కావాల్సింది (46−30)+(34−11), సరిగ్గా 39. చుక్క కూడా మిగలదు కాబట్టి చైన్ పొడవులో తప్పు చేయకూడదు. డెరైలర్‌లోంచి పోనివ్వకుండా చైన్‌ని 46 మీదా 34 మీదా చుట్టి, కలిసే చోట ఒక లోపలి లింకు, ఒక బయటి లింకు అదనంగా ఉంచి కోయండి. పొట్టి అయితే పొరపాటున పెద్ద-పెద్ద గేరు వేసిన రోజు హ్యాంగర్ (డెరైలర్‌ని ఫ్రేమ్‌కి పట్టి ఉంచే ముక్క) వంగుతుంది. పొడుగైతే 30-11లో చైన్ వేలాడుతుంది. తర్వాత 30-34లో పెట్టి పెడల్ వెనక్కి తిప్పండి, డెరైలర్ పై పుల్లీ (చిన్న చక్రం) క్యాసెట్ పళ్లకి తగులుతుంటే బీ-స్క్రూ (ఆ పుల్లీని దూరం జరిపే మర) బిగించండి.

ఈ డెరైలర్‌కి క్లచ్ (చైన్ ఎగరకుండా కేజ్‌ని బిగబట్టేది) లేదు. గతుకుల్లో చైన్ ఫ్రేమ్‌కి కొట్టుకుంటుంది, అప్పుడప్పుడూ ఊడుతుంది. చైన్‌స్టేకి (చైన్ పక్కన వెనక చక్రం దాకా పోయే ఫ్రేమ్ గొట్టం) పాత ట్యూబు ముక్క చుట్టి కొన్నాళ్లు తొక్కండి. ఊడటం విసుగైతే క్లచ్ ఉన్న ఆర్‌ఎక్స్810 కొనండి, మీ లివర్లతోనే పనిచేస్తుంది. చవగ్గా దొరికిందని డియోర్, ఎస్‌ఎల్‌ఎక్స్ లాంటి మౌంటెన్ డెరైలర్ మాత్రం తేవద్దు. లివర్ ఒక క్లిక్‌కి లాగే కేబుల్, ఆ డెరైలర్‌కి కావాల్సిన కేబుల్ ఒకటి కావు. ఎంత సర్దినా రెండు గేర్లు కుదిరితే మూడోది తప్పుతుంది.

తరచూ జరిగే ఇంకో పొరపాటు స్పేసర్. మీ 11-32 రోడ్ హబ్ మీద నేరుగా కూర్చుంది. షిమానో 11 గేర్ల 11-34 అలా కూర్చోదు, వెనకాల 1.85 మి.మీ. స్పేసర్ పడాలి. మరిచిపోతే లాక్‌రింగ్ 40 న్యూటన్ మీటర్లకి బిగిసినట్టే ఉంటుంది, క్యాసెట్ మాత్రం లొడలొడలాడుతుంది, గేర్లు వాటంతటవే దూకుతాయి. బిగించాక పెద్ద చక్రాన్ని చేత్తో పట్టుకుని అటూ ఇటూ ఆడించి చూడండి. 10 పళ్లతో మొదలయ్యే కొత్త 12 గేర్ల క్యాసెట్లు అసలు ఈ హబ్‌కే ఎక్కవు. వాటికి మైక్రో స్ప్లైన్ గానీ ఎక్స్‌డీఆర్ గానీ ఉండాలి, అంటే కనీసం ఫ్రీహబ్ (హబ్‌లో క్యాసెట్ ఎక్కే భాగం) మార్చాలి.

చైన్ కొలిచే గేజ్ ఒకటి కొనిపెట్టుకోండి. ఎర్రమట్టి దుమ్ము నూనెతో కలిస్తే సానపొడిలా అరగదీస్తుంది. 11 గేర్ల చైన్ 0.5 శాతం సాగగానే మార్చేయండి, లేకపోతే దానితోపాటు క్యాసెట్ కూడా కొనాల్సి వస్తుంది.