ఇమిగ్రేషన్ ఏజెంట్లపై కేసులు వేసే లాయర్ అవుతానంటోంది, చదివించాలా?

ప్రశ్న: మేం షికాగో దగ్గర నేపర్‌విల్‌లో ఉంటాం. గ్రీన్ కార్డు క్యూలో ఉన్నాం. అమ్మాయి ఇక్కడే పుట్టింది, ఇప్పుడు పన్నెండో క్లాసు. 2025లో ఇమిగ్రేషన్ ఏజెంట్లు ఇక్కడి వీధుల్లో టియర్ గ్యాస్ వదిలిన వీడియోలు చూసినప్పటి నుంచి కంప్యూటర్ సైన్స్ వద్దు, వాళ్లను కోర్టులో నిలబెట్టే లాయర్ అవుతానంటోంది. అందులో బతుకుదెరువు ఉంటుందా? మా గ్రీన్ కార్డుకు ఏమైనా అడ్డు వస్తుందేమోనని కూడా భయంగా ఉంది.

జవాబు: ఉంటుందమ్మా. అయితే ఆ పని చేసే లాయర్లు తక్కువ. ఎందుకు తక్కువో తెలిస్తే అమ్మాయి ఏం చదవాలో కూడా తేలుతుంది.

ఊరి పోలీసు అన్యాయంగా కొడితే అతని మీదే దావా వేయడానికి 1871 నాటి చట్టం ఉంది. గెలిస్తే లాయర్ ఫీజు కూడా అవతలివాళ్ల చేత కట్టించవచ్చు. ఇమిగ్రేషన్ ఏజెంట్లు ఫెడరల్ (కేంద్ర) ప్రభుత్వం వాళ్లు, వాళ్లకు ఆ చట్టం వర్తించదు. 1971లో బివెన్స్ కేసులో ఫెడరల్ ఏజెంట్ల మీద దావా వేయడానికి సుప్రీంకోర్టు ఒక దారి తెరిచింది కానీ, తర్వాత తనే దాదాపు మూసేసింది. సరిహద్దు అవతల ఉన్న పదిహేనేళ్ల మెక్సికో అబ్బాయిని బోర్డర్ పెట్రోల్ ఏజెంటు కాల్చి చంపితే, ఆ తల్లిదండ్రులు అతని మీద పరిహారానికి దావా వేయడం కుదరదని 2020లో తీర్పిచ్చింది. 2022లో ఎగ్‌బర్ట్ కేసులోనూ అంతే. ఇది నాకు చాలా అన్యాయంగా అనిపిస్తుంది.

ఇక ముఖ్యంగా మిగిలింది 1946 నాటి ఫెడరల్ టార్ట్ క్లెయిమ్స్ చట్టం. దావా ఏజెంటు మీద కాదు, ప్రభుత్వం మీద. ముందు రెండేళ్లలోపు ఆ ఏజెంటు పనిచేసే శాఖకే అర్జీ పెట్టుకోవాలి. జ్యూరీ ఉండదు. లాయర్ ఫీజు, వచ్చిన పరిహారంలో 25 శాతం దాటకూడదు. ప్రైవేటు లాయర్లు వెనకాడేది ఇందుకే. ఇమిగ్రేషన్ ఏజెంట్లు పనిచేసే హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖ లోపల ఫిర్యాదులు విచారించే పౌరహక్కుల విభాగంలో కూడా 2025 మార్చిలో దాదాపు అందరినీ తీసేశారు.

మీ రాష్ట్రం మాత్రం ఊరుకోలేదు. రాజ్యాంగ హక్కులు కాలరాసిన ఇమిగ్రేషన్ ఏజెంట్ల మీద రాష్ట్ర చట్టం కిందే దావా వేసే వీలు కల్పిస్తూ 2025 డిసెంబర్‌లో ఇలినాయ్ చట్టం చేసింది. ఇలాంటి చట్టాలు ఎంతవరకు నిలుస్తాయన్న వాదనల్లో మీ అమ్మాయి తరం లాయర్లకు చాలా పని ఉంటుంది.

కంప్యూటర్ సైన్స్ మాత్రం మాన్పించకండి. లా స్కూలుకు ఏ డిగ్రీ అయినా చాలు. నాలుగేళ్ల డిగ్రీ, మూడేళ్ల లా. ఈ కేసులు ఇప్పుడు వీడియోల మీదే నడుస్తున్నాయి. షికాగోలో జడ్జి సారా ఎల్లిస్ 2025 అక్టోబర్‌లో ఏజెంట్లు బాడీ కెమెరాలు పెట్టుకోవాలని ఆదేశించారు. ఆ ఫుటేజీ చూశాకే అధికారుల కథనాన్ని నమ్మలేమన్నారు. టియర్ గ్యాస్ మీద ఆమె పెట్టిన ఆంక్షలను అప్పీల్ కోర్టు నిలిపేసింది, అది వేరే సంగతి. గంటలకొద్దీ ఫుటేజీని నిమిషాలవారీగా పేర్చగల లాయర్‌కు విలువ ఎక్కువ. స్పానిష్ కూడా ఇప్పుడే మొదలుపెట్టించండి. బాధితుల్లో చాలామంది మాట్లాడేది అదే.

లా స్కూలును ర్యాంకు చూసి కాదు, విద్యార్థుల చేత నిజం కేసులు చేయించే సివిల్ రైట్స్ క్లినిక్ ఉందా అని చూసి ఎంచుకోండి. డబ్బు సంగతి గట్టిగా ఆలోచించాలి. 2026 జులై నుంచి లా చదువుకు ఫెడరల్ అప్పు ఏడాదికి 50,000 డాలర్లు, మొత్తం 2 లక్షలు దాటదు. లాభాపేక్ష లేని సంస్థల్లో, అటార్నీ జనరల్ ఆఫీసుల్లో జీతం పెద్ద ఫర్ములతో పోలిస్తే చాలా తక్కువ. కాబట్టి స్కాలర్‌షిప్ ఇచ్చే కాలేజీకే మొగ్గండి.

గ్రీన్ కార్డు గురించి మీ భయం అర్థమైంది. అమెరికా పౌరురాలైన అమ్మాయి లా చదవడం మీ ఫైలుకు అడ్డు కాదు. ఇంకా సందేహం ఉంటే మీ ఇమిగ్రేషన్ లాయర్‌నే అడగండి. ఈ వేసవిలో ఒకరోజు అమ్మాయిని డౌన్‌టౌన్‌లోని డర్క్‌సన్ ఫెడరల్ కోర్టుకు తీసుకెళ్లండి. విచారణలు ఎవరైనా కూర్చుని చూడొచ్చు. ఈ పనిలో ఎంత ఓపిక కావాలో అక్కడే తనకు తెలుస్తుంది.