బేకర్ తరహా ఇల్లు: ఇటుకల్లో మిగిలింది వడ్డీకి పోకుండా

ప్రశ్న: తక్కువ ఖర్చు ఇళ్లకు పేరుపడ్డ వాస్తుశిల్పి లారీ బేకర్ పద్ధతిలో, సొంత స్థలంలో ఇల్లు కట్టుకోవాలని మా కోరిక. మామూలుగా అయితే 40 లక్షలు అవుతుందని ఇంజనీరు చెప్పారు. బేకర్ పద్ధతిలో 28 లక్షలకే పూర్తవుతుందని తెలిసినవారు అంటున్నారు. చేతిలో 20 లక్షలున్నాయి. జీతం 90 వేలు, అద్దె 15 వేలు. 8 లక్షలు మాత్రం గృహరుణం తీసుకుంటే సరిపోతుందా?

జవాబు: సరిపోదనే నా అభిప్రాయం. ఇంగ్లండులో పుట్టి, తిరువనంతపురంలో స్థిరపడి, 1990లో పద్మశ్రీ అందుకున్న బేకర్ కట్టిన ఇళ్లంటే నాకూ ఇష్టమే. కానీ ఆయన పేరు వినగానే మూడో వంతు ఖర్చు తగ్గిపోతుందని లెక్క వేసుకోవడం ప్రమాదం.

ఇటుకలను పక్కవాటుగా నిలబెట్టి మధ్యలో ఖాళీ వదిలే ర్యాట్ ట్రాప్ బాండ్ గోడలో ఇటుకలు దాదాపు 25 శాతం ఆదా అవుతాయన్నది నిజమే. అయితే అది ఇటుకల ఖర్చులో 25 శాతమే తప్ప ఇంటి ఖర్చులో కాదు. మీ అంచనాలో ఇటుకలకు 3 లక్షలు ఉందనుకుంటే, మిగిలేది 75 వేలు. స్లాబు అడుగుభాగంలో కాంక్రీటుకు పెద్దగా పని ఉండదు కనుక అక్కడ పాత మంగుళూరు పెంకులు పెట్టే ఫిల్లర్ స్లాబ్ వల్ల కొంత, ప్లాస్టరింగూ రంగులూ మానేయడం వల్ల మరికొంత తగ్గుతుంది. వైరింగు, పైపులు, స్నానాల గదులు, సంపు వంటి వాటి ఖర్చు మాత్రం ఏ పద్ధతిలోనైనా పెద్దగా మారదు.

ఇంకొక సంగతి చాలామంది గమనించరు. బేకర్ స్వయంగా పని జరిగే చోట నిలబడి, అక్కడికక్కడే మార్పులు చేస్తూ, పాత ఇళ్లు పడగొట్టిన చోట దొరికిన తలుపులూ కిటికీలూ తెచ్చి వాడేవారు. ఆ పొదుపులో సగం ఆ శ్రద్ధదే అంటాను. ఈ పని తెలియని తాపీ మేస్త్రీ చేతిలో పూత లేని గోడ వంకర పోతే, విప్పి మళ్లీ కట్టాలి, లేదా చివరికి ప్లాస్టరింగే చేయించాలి. ఉదాహరణకు, 20 లక్షల రుణం చేతికి వచ్చాక ఇల్లు ఆరు నెలలు ఆలస్యమైతే, 8.5 శాతం వడ్డీకి నెలకు సుమారు 14 వేలు, అద్దె 15 వేలు, మొత్తం 1.75 లక్షలు ఖర్చవుతాయి. ఇటుకల్లో మిగిలిన దానికి ఇది రెండింతల పైమాటే.

అందుచేత ఇంజనీరుతో పద్దులవారీగా అంచనా వేయించండి. అది 36 లక్షల దగ్గర తేలుతుందనుకుందాం. మీ 20 లక్షల్లో 4 లక్షలు అత్యవసరాలకు పక్కన పెట్టి, 16 లక్షలు ఇంటికి కేటాయించి, 20 లక్షల రుణం మంజూరు చేయించుకోండి. బ్యాంకు దశలవారీగా ఇచ్చే డబ్బులో తీసుకున్నంతకే వడ్డీ పడుతుంది కనుక, నిజంగా ఆదా అయితే చివరి విడత తీసుకోకుండా వదిలేయవచ్చు. ముందే తక్కువ మంజూరు చేయించుకుని, గోడలు లేచాక అదనపు రుణం కోసం మళ్లీ తిరగడం కంటే ఇదే సులువు. మొత్తం తీసుకున్నా, 20 ఏళ్లకు నెలసరి వాయిదా సుమారు 17,350 రూపాయలు. ఆగిపోయే అద్దె కంటే రెండు వేల పైచిలుకు మాత్రమే ఎక్కువ.

మీ ఇంట్లో ప్లాస్టరింగ్ దశే ఉండదు కాబట్టి, ఆ దశకు ముడిపెట్టిన విడతను దేని ఆధారంగా విడుదల చేస్తారో బ్యాంకుతో ముందే రాతపూర్వకంగా ఖరారు చేసుకోండి. పాత కలప కొంటే రసీదు తప్పక తీసుకోండి. పన్ను విషయానికొస్తే, పాత విధానంలో ఉన్నవారికే సొంత ఇంటి వడ్డీపై ఏడాదికి 2 లక్షల వరకు మినహాయింపు దొరుకుతుంది. కొత్త విధానంలో అది లేదు.

కాంట్రాక్టు మీద సంతకం చేసే ముందు, ఆ మేస్త్రీతో సామాన్ల గది ఒకటి ఇదే పద్ధతిలో కట్టించి చూడండి. ఎన్ని ఇటుకలు పట్టాయో, ఎన్ని రోజులు పట్టిందో రాసుకుని, ఆ లెక్కనే ఇంజనీరు అంచనాలో వేయించండి.