ఫానీ డురాక్: ఈదడం కంటే స్టాక్‌హోమ్ చేరడమే కష్టమైంది

పాత కాలం ఒలింపిక్ ఈతగాళ్లలో మనవాళ్లు పెద్దగా వినని ఒకరి గురించి చెప్పమన్నారు కదా, నేనైతే ఆస్ట్రేలియా ఈతగత్తె ఫానీ డురాక్ పేరే చెబుతాను. మేం సిడ్నీలో ఉంటాం. పిల్లని స్విమ్మింగ్ క్లాసులో దింపి గట్టున కూర్చోలేక నేనూ ముప్పై దాటాక ఈత నేర్చుకున్నా. కూజీలో సముద్రం ఒడ్డున రాళ్ల మధ్య కట్టిన వైలీస్ బాత్స్ అని ఉంది, అక్కడికి వెళ్తుంటాను. పోటు మీద ఉంటే అల గోడ దాటొచ్చి ముక్కులోకి ఉప్పునీళ్లు కొడుతుంది. అక్కడ మీనా వైలీ కంచు విగ్రహం ఉంటుంది. ఎవరబ్బా ఈమె అని చదవబోతే, ఫానీతో పాటే ఒలింపిక్స్‌కి వెళ్లిన ఈతగత్తె అని తెలిసింది, అలా ఫానీ కథ దొరికింది. ఆ బాత్స్ కట్టించింది మీనా వాళ్ల నాన్నే, 1907లో.

ఫానీ పుట్టింది 1889లో, సిడ్నీలోనే. ముందు బ్రెస్ట్‌స్ట్రోక్ అనే ఈత పద్ధతి నేర్చుకుంది, ఎందుకంటే అప్పట్లో బడి ఆడపిల్లలకు ఛాంపియన్‌షిప్ ఉన్నది అందులోనే. 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో మొదటిసారి ఆడవాళ్లకు ఈత పోటీలు పెట్టారు, ఇక్కడ మొదలైంది గొడవ. మగవాళ్లు చూసే పోటీల్లో ఆడవాళ్లు ఈదకూడదని రూలు, అదీ న్యూ సౌత్ వేల్స్ మహిళల ఈత సంఘం పెట్టుకున్నదే! ఆ రూలును గట్టిగా వెనకేసుకొచ్చిన రోజ్ స్కాట్ అంతకుముందు ఆడవాళ్ల ఓటు హక్కు కోసం పోరాడిన మనిషి, నాకు ఇప్పటికీ మింగుడుపడదు. జనం గోల చేస్తే చివరికి వెళ్లనిచ్చారు గానీ ఖర్చులు మీరే పెట్టుకోండన్నారు. హ్యూ మెకింతోష్ అనే థియేటర్ల యజమాని భార్య చందాలు పోగు చేస్తే ఫానీ బయల్దేరింది, తోడుగా అక్కచెల్లెళ్లలో ఒకరు. మీనాతో వాళ్ల నాన్న వెళ్లాడు.

పోటీ జరిగింది స్విమ్మింగ్ పూల్‌లో కాదు, సముద్రపు పాయలో. 100 మీటర్ల ఫ్రీస్టైల్ హీట్‌లోనే, అంటే ఫైనల్‌కి ముందు జరిగే వడపోత పోటీలోనే, ఫానీ 1 నిమిషం 19.8 సెకన్లతో ప్రపంచ రికార్డు కొట్టింది, ఫైనల్లో 1:22.2తో స్వర్ణం. మీనాకి రజతం. రిలేకి నలుగురు కావాలి, వీళ్లేమో ఇద్దరే, చెరో రెండుసార్లు ఈదుతామని అడిగితే కుదరదన్నారు. ఆ ధైర్యం చూడండి అసలు!

1912, 1918 మధ్య ఆమె 12 ప్రపంచ రికార్డులు బద్దలు కొట్టింది. 1916 ఆటలు యుద్ధం వల్ల రద్దయ్యాయి. 1920లో జట్టు ఓడ ఎక్కేముందు అపెండిక్స్ ఆపరేషన్, దాని మీద టైఫాయిడ్, న్యుమోనియా, అలా అదీ పోయింది. ఆ మరుసటేడు పోటీలు మానేసి పెళ్లి చేసుకుంది, తర్వాత పిల్లలకు ఈత నేర్పింది, 1956లో చనిపోయింది. పతకాల పట్టికలో ఆమె పేరు పక్కన ఒక్కటే కనిపిస్తుంది కాబట్టి చాలామంది దాటేసి నేరుగా అమెరికా ఈతగాడు జానీ వైస్‌ముల్లర్ దగ్గరికి వెళ్లిపోతారు, అదే నాకు నచ్చదు.